ఓంకార్ గారు సభలో మాట్లాడిన మాటలు మా లైబ్రరీకి ఇప్పించండి: తెలంగాణ శాసనసభ స్పీకర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పీకర్ గారికి,

నర్సంపేట నియోజకవర్గ ఓటరు నమస్కరించి రాయునది.

మా నియోజకవర్గం ఒకే మనిషిని ఐదుసార్లు శాసనసభకు పంపింది. 1972, 1978, 1983, 1985, 1989. ఆయన మద్దికాయల ఓంకార్. 2008లో కన్నుమూశారు. ఏటా వర్ధంతికి దండలు వేస్తాం. ఫ్లెక్సీల మీద 'అసెంబ్లీ టైగర్' అని రాస్తాం. వేదికెక్కినవాళ్లు ఆయన లేచి నిలబడితే మంత్రులు జవాబు వెతుక్కునేవారని చెబుతారు. మరి ఆ మాటలేవి అని ఇప్పటి పిల్లవాడు అడిగితే చేతిలో పెట్టడానికి మా దగ్గర ఒక్క పేజీ లేదు. అవన్నీ మీ సభ రికార్డుల్లో ఉన్నాయి. వాటిని మాకు చేరేలా చేయమని అడగడానికే ఈ లేఖ.

నేను ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి రిటైరైనవాడిని. ఓంకార్ గారి పార్టీ మనిషిని కాను, ఏ పార్టీలోనూ లేను. శాసనసభ పాఠం ఏటా చెప్పేవాడిని. సభ్యుడికి 25 ఏళ్లు నిండాలి, సభ కాలపరిమితి ఐదేళ్లు, సభ నడవడానికి హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య, అంటే కోరం, పదో వంతు. పిల్లలు ఇవన్నీ రాసుకుని, చివర్లో అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "మన ఎమ్మెల్యే ఆడికి పోయి ఏం జేస్తడు సార్?" పాఠ్యపుస్తకంలో దానికి జవాబు ఉండదు. సొంత నియోజకవర్గం సభ్యుడు ఫలానా రోజున అడిగిన ఫలానా ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు ముందు పెడితే, పాఠం మొత్తం పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఓంకార్ గారు నల్లగొండ జిల్లాలో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసి, మా వైపు వచ్చి స్థిరపడిన నాయకుడు. 1972లో ఆయన మొదటిసారి గెలిచినప్పుడు రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి. సీపీఎం తరఫున ఆ సభకు వెళ్లింది ఆయన ఒక్కరే. పక్కన కూర్చోవడానికి సొంత పార్టీ సభ్యుడు మరొకరు లేరు. ఎదురుగా ముఖ్యమంత్రి స్థానంలో పి.వి. నరసింహారావు గారు. పీవీ గారు పుట్టింది మా లక్నేపల్లిలోనే. నర్సంపేటకు కూతవేటు దూరంలో పుట్టిన మనిషి అధికార పక్షానికి నాయకుడు, నర్సంపేట నుంచి గెలిచిన మనిషి ప్రతిపక్షంలో ఒంటరి. అదే ఏడాది భూసంస్కరణల బిల్లు సభ ముందుకు వచ్చింది. 1973లో 1వ నంబరు చట్టంగా పుస్తకాల్లోకి ఎక్కిన భూ పరిమితి చట్టం అదే. ఒక భూస్వామి కుటుంబం నుంచి వచ్చిన ముఖ్యమంత్రి భూ పరిమితి తెస్తుంటే, భూపోరాటం నుంచి వచ్చిన సభ్యుడు దాని గురించి ఏమన్నారు? ఏ సవరణలు అడిగారు? బినామీల గురించి, కౌలుదార్ల గురించి మాట్లాడారా? పీవీ గారు ఏం బదులిచ్చారు? తెలంగాణ చరిత్రలో ఇంతకన్నా విలువైన సంభాషణలు ఎన్ని ఉంటాయి? మా తాలూకాకు చెందిన ఇద్దరి మధ్య జరిగిన ఆ సంభాషణ మా తాలూకాలోనే దొరకదు.

ఆ సభ కాలం మామూలుది కాదు. జై ఆంధ్ర ఉద్యమం, 1973లో రాష్ట్రపతి పాలన, ఆపైన ఎమర్జెన్సీ, అన్నీ దాని మధ్యలోనే వచ్చాయి. 1978లో ఆయన మళ్లీ గెలిచారు. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభంజనంలో కూడా మా వాళ్లు ఆయన్నే గెలిపించారు. తర్వాత ఆయన సీపీఎంకు దూరమై ఎంసీపీఐ (మార్క్సిస్ట్ కమ్యూనిస్ట్ పార్టీ ఆఫ్ ఇండియా) నాయకుడయ్యారు. 1985లో, 1989లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. పెద్ద పార్టీ గుర్తు లేకుండా రెండుసార్లు వరసగా గెలవడం చిన్న సంగతి కాదు. 1994లో రేవూరి ప్రకాశ్‌రెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. గెలుపోటముల లెక్క ఎన్నికల సంఘం రికార్డుల్లో అందరికీ దొరుకుతుంది. గెలిచాక ఏం చేశారన్నది దొరకదు. ఇరవై ఏళ్లకు పైబడిన ఒక ప్రజాప్రతినిధి జీవితంలో బయటికి కనిపించేది ఐదు సంవత్సరాల అంకెలు మాత్రమే అయితే, మిగిలినదంతా ఎక్కడికి పోయినట్టు?

పీవీ గారి నుంచి కోట్ల విజయభాస్కర్‌రెడ్డి గారి దాకా వచ్చిన ముఖ్యమంత్రులను ఆయన సభలో చూశారు. పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఆయన సభ్యుడు. తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు సభ్యుడు. 1985లో శాసన మండలి రద్దయినప్పుడు, 1992లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చినప్పుడు, 1993లో సారా ఆగిపోయినప్పుడు కూడా సభ్యుడే. వీటిలో ప్రతి ఒక్కటీ మా ఊళ్లను తాకింది. పటేల్ పట్వారీల దగ్గర భూమి కాగితాల కోసం తిరిగిన కుటుంబాలు మా వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఎన్‌కౌంటర్లలో, అటు నక్సలైట్ దళాల చేతుల్లో మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ రోజుల్లో మా తరఫున సభలో ఒకరు మాట్లాడారో లేదో, మాట్లాడితే ఏమన్నారో తెలుసుకునే హక్కు ఆ ఇళ్లకు లేదా అయ్యా?

సభ పని ఎలా సాగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ లేఖ చదివే ఓటర్లలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం రాస్తాను.

నక్షత్ర గుర్తు ప్రశ్న అంటే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న. నక్షత్రం లేని దానికి రాతపూర్వకంగా జవాబిస్తారు. మొదటి రకంలో అసలు బలం అనుబంధ ప్రశ్నల్లో ఉంటుంది. అధికారులు రాసిచ్చిన జవాబు మంత్రి చదివేస్తారు. దాని మీద సభ్యుడు అప్పటికప్పుడు "ఎప్పటిలోగా? ఎంత డబ్బు? ఎవరు బాధ్యులు?" అని అడుగుతారు. ఊరి సంగతి తెలియనివాడు ఆ రెండో ప్రశ్న అడగలేడు. సభలో జరిగినదంతా అచ్చువేసే రికార్డును ప్రొసీడింగ్స్ అంటారు. అందులో ప్రశ్న నంబరు, అడిగిన సభ్యుడి పేరు, పక్కనే నియోజకవర్గం పేరు, కింద జవాబు, ఆ తర్వాత సంభాషణ, అన్నీ వరసగా అచ్చయి ఉంటాయి. చెరువు తూము, బడి గది, బస్సు రూటు, ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఇలాంటివన్నీ అక్కడే నమోదవుతాయి. పాకాల చెరువు ఆయకట్టు చివరి మడికి నీళ్లు ఎందుకు రావడం లేదో యాభై ఏళ్ల కింద మంత్రి ఏం కారణం చెప్పారో చూడగలిగితే, ఇవాళ చెప్పే కారణంతో రైతులే పోల్చుకుంటారు.

నాకు అన్నింటికన్నా విలువైనవిగా అనిపించేవి కోత తీర్మానాలు. బడ్జెట్‌లో శాఖల పద్దులు ఒక్కొక్కటే చర్చకు వచ్చినప్పుడు, ప్రతిపక్ష సభ్యులు ఆ పద్దులో వంద రూపాయలు తగ్గించాలని తీర్మానం ఇస్తారు. వందే ఎందుకంటే, ఆ డబ్బు తగ్గించడం అసలు ఉద్దేశం కాదు. ఫలానా ఊరికి రోడ్డు వేయనందుకు, ఫలానా గూడేనికి కరెంటు ఇవ్వనందుకు, ఫలానా హాస్టల్‌కు భవనం కట్టనందుకు అని కారణం రాస్తారు. ఆ కారణమే అసలు సంగతి. అవి ఓడిపోతాయని రాసేవాళ్లకూ తెలుసు. అయినా రాస్తారు, ఎందుకంటే అచ్చులో ఆ ఊరి పేరు నిలబడుతుంది. ఒక సభ్యుడు ఇచ్చిన కోత తీర్మానాలన్నీ ఒకచోట చేరిస్తే, ఆ ఏడాది ఆయన నియోజకవర్గంలో ఎవరికి ఏది లేదో మొత్తం కనబడుతుంది. ఏ గెజిటీర్‌లోనూ అంత దగ్గరి చిత్రం ఉండదు. అలాంటి కాగితాల్లో మా ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చూడాలని నాకు ఎంత ఆశో మాటల్లో చెప్పలేను.

ఇంకొకటి, ప్రభుత్వ హామీల సంఘం. మంత్రి సభలో "చేయిస్తాం", "పరిశీలిస్తాం" అని మాటిస్తే దాన్ని రాసుకుని, నెరవేర్చారా లేదా అని వెంటపడటం ఆ సంఘం పని. ఓంకార్ గారికి ఇచ్చిన హామీల్లో ఏవి నెరవేరాయి, ఏవి మూలపడ్డాయి? ఇది పాత లెక్కే. కానీ మా వైపు కొన్ని పనులు ఇప్పటికీ ప్రతి ఎన్నికల్లో కొత్త వాగ్దానంగానే వస్తాయి. అవి ఎప్పటి వాగ్దానాలో తెలిస్తే ఓటరు అడిగే తీరు మారుతుంది.

నేను ఆయన్ను దేవుణ్ని చేయమని అడగడం లేదు. రికార్డు మొత్తం బయటికి వస్తే ఆయన తప్పుగా అంచనా వేసినవి, కోపంలో అన్నవి, తర్వాత మాట మార్చుకున్నవి కూడా కనిపిస్తాయి. కనిపించనివ్వండి. ఎక్కువ కాలం సభలో ఉన్న మనిషిని గౌరవించడమంటే ఆయన అన్నది అన్నట్టు చదవడమే. వర్ధంతి ఉపన్యాసాల్లో ఏటేటా కొన్ని కథలు పెరుగుతుంటాయి, కొన్ని రాలిపోతుంటాయి. ఆయన్ను విన్నవాళ్లు వృద్ధులైపోయారు. ఇంకో పదేళ్లు పోతే ఏది నిజమో చెప్పేవాళ్లు ఉండరు. అచ్చయిన పేజీ ఒక్కటే మిగులుతుంది.

ఆ పేజీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. 1956 నుంచి 2014 దాకా నడిచిన ఉమ్మడి సభ ప్రొసీడింగ్స్ సంపుటాలుగా ఉన్నాయి. కొన్ని స్కాన్ చేసిన పేజీలుగానూ చూడొచ్చు. కానీ స్కాన్ చేసిన పేజీ అంటే ఫొటో. అందులో 'నర్సంపేట' అని వెతికితే దొరకదు. ఏ తేదీన మాట్లాడారో ముందే తెలిసినవాడు ఆ తేదీ తెరిచి, పేజీలు తిప్పుకుంటూ పోవాలి. తేదీ తెలిసిన పరిశోధకుడికి అది సరిపోతుందేమో. నల్లబెల్లి నుంచో నెక్కొండ నుంచో వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఏ తేదీ తెలుస్తుంది? హైదరాబాద్ వెళ్లి, పబ్లిక్ గార్డెన్స్ పక్కన అనుమతి తీసుకుని, పాస్ చేయించుకుని సంపుటాలు తిరగేయడం ఎంతమందికి సాధ్యం? మా వైపు నేను చూసిన లైబ్రరీల్లో దినపత్రికలున్నాయి, గ్రూప్స్ పరీక్షల పుస్తకాలున్నాయి, మంచిదే. సభా చర్చల సంపుటం మాత్రం నా కంట పడలేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. మా ప్రతినిధి మాటలకు ఆ లైబ్రరీల్లో ఒక అర పట్టేంత చోటు అడగడం ఎక్కువేం కాదు.

ఇది కొత్త ఆలోచనా కాదు. పార్లమెంట్ 1952 నుంచి జరిగిన చర్చలను డిజిటల్ లైబ్రరీలో పెట్టింది. కేరళ శాసనసభ తన ప్రొసీడింగ్స్‌ను సభ్యుల పేర్లతో వెతుక్కునేలా జనం ముందుంచింది. మలయాళానికి అయిన పని తెలుగుకు ఎందుకు కాదు? పాత లెటర్‌ప్రెస్ అచ్చును కంప్యూటర్‌తో చదివించవచ్చు, తప్పులు పడతాయి, మనుషులు దిద్దాలి. దిద్దేవాళ్లకు వరంగల్‌లో కొదవ లేదు. 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ తెలుగు చదివే పిల్లలు, రాజనీతిశాస్త్రం చదివే పిల్లలు ఉన్నారు. హన్మకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. చర్చల్లో తెలుగుతో పాటు ఇంగ్లీషు, ఉర్దూ కూడా కలిసి ఉంటాయి. వాటిని చదవగలిగిన పెద్దలూ మా దగ్గర ఉన్నారు. నాబోటి రిటైరైన టీచర్లు రోజుకు రెండు గంటలు కూర్చుని దిద్దిపెడతారు. డబ్బు కూడా అడగరు. మీ నుంచి కావాల్సింది అనుమతి, అసలు ప్రతి, పని మీద శాసనసభ సచివాలయం పర్యవేక్షణ.

అనుమతి మీరే ఎందుకు ఇవ్వాలంటే, సభ అధికారంతో వెలువడిన ప్రచురణకు రాజ్యాంగం 194వ అధికరణ రక్షణ ఇస్తుంది. ఎవరో ఒకరు పేజీలు ఏరుకుని పుస్తకం వేస్తే ఆ రక్షణ ఉండదు, దాని మీద నమ్మకమూ కుదరదు. పైగా తమకు నచ్చినవే ఏరుకున్నారని రేపు ఇంకో పక్షం అంటుంది. సభ తానే చేస్తే ఆ మాట రాదు. రికార్డుల నుంచి తొలగించిన మాటలు తొలగించినట్టే ఉంచండి. వాటిని మేం అడగడం లేదు.

ఇంకో సంగతి మీ దృష్టికి తేవాలి. ఈ ప్రాంతానికి స్పీకర్ స్థానంతో దగ్గరి సంబంధం ఉంది. మంథని శ్రీపాదరావు గారు, బాల్కొండ సురేశ్‌రెడ్డి గారు ఉమ్మడి సభకు స్పీకర్లుగా పనిచేశారు. తెలంగాణ మొదటి స్పీకర్ భూపాలపల్లి నుంచి గెలిచిన మధుసూదనాచారి గారు, ఆయన తర్వాత బాన్సువాడ పోచారం శ్రీనివాస్‌రెడ్డి గారు. శ్రీపాదరావు గారిని 1999లో నక్సలైట్లు కాల్చి చంపారు. ఆయన అధ్యక్ష స్థానంలో కూర్చుని సభ నడిపిన రోజుల్లో ఎదుటి బెంచీల్లో ఓంకార్ గారు ఉన్నారు. స్పీకర్ ఎప్పుడు అవకాశం ఇచ్చారు, ఎప్పుడు కూర్చోమన్నారు, ఇద్దరి మధ్య మర్యాద ఎలా సాగింది అన్నవి కూడా ఆ పేజీల్లోనే ఉంటాయి. ఒకరినొకరు వ్యతిరేకించుకుంటూనే సభను ఎలా నడిపారో చదివితే, ఇప్పుడు కొత్తగా గెలిచి వచ్చే సభ్యులకు ఏ శిక్షణ తరగతికన్నా ఎక్కువ ఉపయోగం.

ఇప్పుడు సభను యూట్యూబ్‌లో లైవ్‌గా చూస్తున్నాం. సంతోషమే. కానీ సాయంత్రానికి మా ఫోన్లకు వచ్చేది అరుపులున్న రెండు నిమిషాల క్లిప్. పద్దు మీద నలభై నిమిషాలు కష్టపడి మాట్లాడిన సభ్యుడి క్లిప్ ఎవరూ పంపరు. అందుకే సభ్యులు కూడా క్లిప్ కోసమే మాట్లాడటం మొదలుపెట్టారని నా అభిప్రాయం. తాను అన్న ప్రతి మాటా రాతలో నిలిచి, నియోజకవర్గం పేరుతో వెతికితే ఎప్పటికైనా దొరుకుతుందని తెలిస్తే, ఎమ్మెల్యే ఇంకాస్త చదువుకుని వస్తారు. పింఛన్లు, పెళ్లిళ్లు, పరామర్శలు, సీసీ రోడ్ల ప్రారంభోత్సవాలు, వీటితోనే ఎమ్మెల్యేను కొలవడం మాకు అలవాటైపోయింది. అందులో తప్పు మాది కూడా. కానీ కొలవడానికి ఇంకో కొలమానం మా చేతికి ఇవ్వలేదు కదా అయ్యా.

మొదటగా ఓంకార్ గారివి అడుగుతున్నాను, ఎందుకంటే ఆయన మా సభ్యుడు, పైగా ఆయన పేరు మోగుతున్నదే సభలోని మాటల వల్ల. పని అక్కడితో ఆగకూడదు. డోర్నకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన రెడ్యానాయక్ గారు, వర్ధన్నపేట నుంచి మూడుసార్లు, పాలకుర్తి నుంచి మూడుసార్లు గెలిచిన ఎర్రబెల్లి దయాకర్‌రావు గారు, జగిత్యాల జీవన్‌రెడ్డి గారు, సిరిసిల్ల చెన్నమనేని రాజేశ్వరరావు గారు, ఆసిఫాబాద్, బెల్లంపల్లి నుంచి గెలిచిన గుండా మల్లేశ్ గారు. ఇంతింత కాలం సభలో కూర్చున్నవాళ్ల రికార్డు పార్టీ తేడా లేకుండా వాళ్ల నియోజకవర్గ ప్రజలకు అందాలి. ఎక్కువ మాట్లాడినవాళ్లెవరో, ఎక్కువ కాలం ఉండి తక్కువ మాట్లాడినవాళ్లెవరో జనమే చూసుకుంటారు.

ఒకేసారి అన్నీ కష్టమని మీ కార్యాలయం అనవచ్చు. నిజమే. 1972లో ఎన్నికైన సభ సంపుటాలతో మొదలుపెట్టండి. అందులోనూ ముందుగా భూసంస్కరణల బిల్లు చర్చ, ఆ తర్వాత నర్సంపేట పేరున్న ప్రశ్నలు, కోత తీర్మానాలు. వాటి ప్రతులు మొదట వరంగల్ ప్రాంతీయ గ్రంథాలయానికి, కాకతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, నర్సంపేట శాఖా గ్రంథాలయానికి పంపించండి. అదే పాఠాన్ని శాసనసభ వెబ్‌సైట్‌లో యూనికోడ్ తెలుగులో పెట్టించండి. పేరుతో, ఊరితో, ఏడాదితో వెతుక్కునే వీలుంటే చాలు, పెద్ద హంగులు అక్కర్లేదు.

దీనిపై నిర్ణయం ఏదైనా, రాతపూర్వకంగా మా నర్సంపేట శాఖా గ్రంథాలయం చిరునామాకు పంపిస్తే నోటీసు బోర్డులో పెట్టించి అందరికీ చదివి వినిపిస్తాను. పేజీలు దిద్దడానికి ముందుకొచ్చేవాళ్ల జాబితా ఆ జవాబు అందిన వారంలోపే మీ సచివాలయానికి చేరుతుంది.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్,
నర్సంపేట, వరంగల్ జిల్లా